తోక బాల్కనీ మాహాత్మ్యం

ఓడ ఎక్కినవాడు ముందుకే చూడాలని ఏ శాస్త్రంలో రాసి ఉంది? ముందుకు చూసి బాగుపడ్డవాణ్ని ఒక్కణ్ని చూపించండి! ఓడకు ముందు ఏముంటుంది? నీళ్లు. ఇంకా ముందు? ఇంకాసిని నీళ్లు. ఆ మాత్రం దానికి అంత ఎగబడటం దేనికి?

అదే ఓడ కొట్టకొసన, తోక మీద, పోయే దిక్కుకు వీపు పెట్టి కట్టిన బాల్కనీ గది తీసుకోండి. కుర్చీలో కూలబడి చూడండి. వచ్చిన దారంతా తెల్లగా, నురుగు కక్కుతూ కళ్లముందు పరుచుకుని ఉంటుంది. ఎక్కడినుంచి వచ్చామో అక్షరాలా తెలుస్తుంది. ఎక్కడికి పోతున్నామో తెలియాల్సిన కర్మ నడిపేవాడిది. మనకెందుకు?

ఇది ఆస్ట్రేలియాలో మా ఊరు బండబర్గ్ చెరకు రైతు క్లారీ ట్రెలోర్ సిద్ధాంతం. ఆ సిద్ధాంతం నూటికి నూరుపాళ్లు నిజమని నిరూపించడానికే ఈ రాత. నునుపు మాటలు ఇక్కడ దొరకవు. నునుపు కావలసినవాళ్లు బూటు పాలిష్ దుకాణానికి వెళ్లొచ్చు.

క్లారీ బతుకంతా ట్రాక్టర్ మీదే గడిచింది. ట్రాక్టర్ మీద కూర్చున్నవాడు ముందుకు చూస్తాడని పట్నంవాళ్లు అనుకుంటారు. అది వాళ్ల అజ్ఞానం. రైతు మెడ తిప్పి వెనక్కి చూస్తాడు. చాలు తిన్నగా పడుతోందా, నాగలి పైకి లేస్తోందా అని. క్లారీ మెడ అలా వెనక్కి తిరిగి తిరిగి అక్కడే స్థిరపడింది. పెళ్లిఫొటోలో కూడా ఆయన చర్చి తలుపు వైపే చూస్తుంటాడు. పక్కన పూలగుత్తి పట్టుకుని నోలీన్ మాత్రం కెమెరాలోకి చూస్తుంటుంది.

కారులో పోతున్నా అంతే. "అదిగో నోలీన్, ఇందాక దాటేశాం, చూశావా?" అంటాడు అద్దంలోకి చూస్తూ. ఆస్ట్రేలియా ఖండాన్ని నోలీన్ ఆ పద్ధతిలోనే చూసింది, దాటిపోయాక. మా రోడ్ల పక్కన ఇల్లంత పెద్ద మామిడిపండు బొమ్మ కడతారు, ఇల్లంత పెద్ద రొయ్య బొమ్మ కడతారు, గుడ్డివాడు కూడా మైలు దూరంనుంచి చూడగలగాలని. ఆ మామిడిపండుది కూడా నోలీన్ చూసింది వెనక భాగమే. వెనకాల రంగు వెయ్యరు.

అందుకని పొలం కౌలుకిచ్చి, బ్రిస్బేన్‌నుంచి పసిఫిక్ దీవులకు ఓడ ప్రయాణం అనుకున్నప్పుడు నోలీన్ ఒకే ఒక్క కోరిక కోరింది. టికెట్ల ఆఫీసులో ఓడ పటం బల్ల మీద పరిచి ఉంది. ఆమె వేలు ముందు భాగం మీద పెట్టింది.

"ఇక్కడైతే దీవి మనకి ఎదురొస్తుంటే కనిపిస్తుంది."

క్లారీ వేలు తోక మీద పడింది. "దీవి ఎక్కడికీ పారిపోదే. దాటాక తీరిగ్గా చూడొచ్చు."

"ఒక్కసారి, క్లారీ. ఒక్కటంటే ఒక్కటి. చుక్కలా మొదలై, పెద్దదవుతూ, నా మీదికి రావాలి. అది చూడాలి నేను."

"మీదికి వచ్చేవాటితో ఏం సుఖం? ఆ ఏడు వరద మీదికి వచ్చింది. కళ్లారా చూశావు. ఆపావా?"

ఈ వాదానికి జవాబుందా? లేదు! తోక గది ఖాయమైంది.

ఇక ఆ గది మహిమలు వినండి.

మొదటిది ఆరోగ్యం. తోక గదినుంచి అన్నం పెట్టే హాలుకి వెళ్లాలంటే ఓడంత పొడుగు నడవాలి. ఒకే రకం తలుపులు, ఒకే రకం కార్పెట్, చివర కనిపించదు. నోలీన్ టిఫిన్ తిని గదికి తిరిగొచ్చేసరికి మళ్లీ ఆకలేసేది. డబ్బు పోసి జిమ్‌లో చేరే మూర్ఖులారా, వింటున్నారా?

రెండోది మసి. ఓడ పొగగొట్టం వదిలిందంతా ఎక్కడ దిగుతుంది? తోక మీద. టీ కప్పులో, తువ్వాలు మీద, నోలీన్ కొత్త తెల్ల ప్యాంటు మీద. ఆమె కిందకి వెళ్లి అడిగితే కౌంటర్ అమ్మాయి నవ్వుతూ, "మా ఓడ మసి వదలదు మేడమ్, అది సముద్రపు తేమ" అంది. నల్లటి తేమ! సృష్టిలో ఎన్ని వింతలు!

క్లారీకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. మా వైపు కోతల కాలంలో చెరకుతోటకి నిప్పు పెడితే నల్లటి బూడిద ఊరంతా కురుస్తుంది. బండబర్గ్ మంచు అంటారు దాన్ని. ఆయన అరచెయ్యి చాచి ఒక రేకు పట్టుకుని మురిసిపోయాడు. "చూశావటే! ఇల్లు మన వెంటే వచ్చేసింది!"

ఆ మంచు కురిసినప్పుడల్లా ఆరేసిన దుప్పట్లు రెండోసారి ఉతుక్కున్న మనిషి నోలీన్. ఆమె మురవలేదు.

మూడోది సంగీతం. గది కింద ఓడ మరలు తిరుగుతుంటాయి. మంచం వణుకుతుంది, బీరువా వణుకుతుంది, గ్లాసులో పెట్టిన క్లారీ కట్టుడు పళ్లు వాటంతటవే కటకటా మాట్లాడుకుంటాయి. ఆయన నోట్లో ఉన్నప్పటికంటే అవి గ్లాసులో ఉన్నప్పుడే తెలివైన మాటలు చెబుతున్నాయని నోలీన్ అభిప్రాయపడింది.

నాలుగోది జనసాంగత్యం. తోక బాల్కనీలు మెట్లలా ఉంటాయి. పై అంతస్తువాడికి కింది బాల్కనీ అరచేతిలో కనిపిస్తుంది. నోలీన్ పాదాలకు నూనె రాసుకుంటుంటే పైనుంచి ఎవరో, "మడమలు మర్చిపోయారండీ!" అని కేకేశారు. ఇంత శ్రద్ధ మీ సొంత డాక్టరు చూపిస్తాడా?

పక్క బాల్కనీలో మర్రే అని అడిలైడ్ మనిషి. రిటైరైన ప్లంబరు. తోక గది తప్ప వేరేది ఎక్కని జాతి. "ముందుకి చూసేవాళ్లు టూరిస్టులు. వెనక్కి చూసేవాళ్లు ప్రయాణికులు" అని చొక్కా మీద అచ్చు వేయించుకున్నాడు. మెడలో ఆవుగంట కట్టుకుని తిరుగుతాడు. అదెందుకో తర్వాత తెలుస్తుంది.

క్లారీకి వీటన్నిటికంటే నచ్చింది ఆ నురుగు బాట. ఆయన కంటికి అది నాగలి దున్నిన చాలు. పొద్దున లేస్తూనే బాల్కనీ అంచు పట్టుకుని ఒక కన్ను మూసి చూసేవాడు. మూడోరోజు కౌంటర్ దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేశాడు.

"మీ కెప్టెన్ వంకర దున్నుతున్నాడమ్మాయ్."

"సర్?"

"పొద్దున చూశా. కుడికి లాగేశాడు."

"దీవి అడ్డొస్తే తిప్పుతారు కదండీ సర్."

"మేం రాయి అడ్డొస్తే తవ్వేవాళ్లం!"

ఇంత నిశితమైన పరిశీలన ముందు గదిలో కూర్చున్నవాడికి సాధ్యమా? అసలు లోకాన్ని నడుపుతున్నదే వెనక బాల్కనీ! వరద హెచ్చరిక మా ఊరికి ఎప్పుడొస్తుంది? వరద పోయాక. చక్కెర మిల్లు మూతపడుతుందా అని విచారణ కమిటీ ఎప్పుడు వేస్తారు? మిల్లు గేటుకి తుప్పు పట్టాక. మంత్రులందరూ తోక గదుల్లోనే కూర్చున్నారు అయ్యలారా! మసి పడుతోందంటే తేమ అంటున్నారు. దేశం ఎంత ప్రశాంతంగా ఉందో చూడండి.

సరే, కథకి వద్దాం. గొడవ వాచీ దగ్గర మొదలైంది.

దీవులు మాకు తూర్పున ఉన్నాయి. అక్కడ పొద్దు ముందే పొడుస్తుంది. అందుకని కెప్టెన్ మైకులో, ఓడ గడియారాలు గంట ముందుకి జరుపుతున్నాం, మీరూ జరుపుకోండి అన్నాడు. అందరూ జరుపుకున్నారు. క్లారీ మంచం మీద లేచి కూర్చున్నాడు.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. వేసవి వస్తే ఆస్ట్రేలియా దక్షిణాది రాష్ట్రాలవాళ్లు గడియారాలు గంట ముందుకు తిప్పుకుంటారు, పగటి వెలుగు ఒక గంట ఆదా అవుతుందట. మా క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఆ పప్పులు ఉడకవని ఓటేసి మరీ చెప్పాం. ఆవులు గందరగోళపడి పాలివ్వవన్నారు. గంట ఎక్కువ ఎండ తగిలి కిటికీ పరదాలు వెలిసిపోతాయన్నారు. ఆ రోజుల్లో బండబర్గ్ వీధిలో నినాదం రాసిన అట్ట పట్టుకుని అందరికంటే ముందు నడిచినవాడు క్లారీ. నడుస్తూ కూడా వెనక ఎంతమంది వస్తున్నారా అనే చూశాడనుకోండి.

"నడిసముద్రంలోకి వచ్చినా వదలరటే వీళ్లు!" అన్నాడు.

"ఇది అది కాదు క్లారీ. ఇక్కడి టైమే అంత."

"టైము ఎక్కడైనా టైమే. నా వాచీ బండబర్గ్‌లో కొన్నది. బండబర్గ్ టైమే చెబుతుంది."

"మరి అన్నానికి?"

"నాకు ఆకలేసినప్పుడు తింటా."

నోలీన్ తన వాచీ తిప్పుకుంది. ఆ గదిలో అప్పటినుంచి రెండు కాలాలు నడిచాయి. ఆమె భోజనాల హాలుకి వెళ్లి క్లారీ కోసం రొయ్యల పళ్లెం ముందు పెట్టుకుని కాపలా కాసేది. ఆయన గంట తర్వాత ఊపుకుంటూ వచ్చేవాడు. రొయ్యలు చల్లారిపోయి, బల్లలు తుడుస్తూ ఉండేవాళ్లు. "వీళ్లకేం తొందర?" అనేవాడు.

మొదటి రేవు నౌమియాలో మర్రే ఆవుగంట రహస్యం బయటపడింది. తోక బాల్కనీలవాళ్లకి ఒక ఆచారం ఉంది. ఓడ బయల్దేరే వేళకి గ్లాసులు నింపుకుని రెయిలింగ్ దగ్గర చేరతారు. ఊరు చూడ్డానికి దిగి ఆలస్యమైనవాళ్లు రేవు మీద పడుతూ లేస్తూ పరిగెత్తుకొస్తారు. వాళ్లని చూసి పైనుంచి గంట కొడతారు, అరుస్తారు, పందేలు కాస్తారు. ఓడ ఎవరికోసమూ ఆగదు. ఆ వినోదం ముందు గదులవాళ్లకు ఏ జన్మలో దొరుకుతుంది?

ఆవేళ ఒక కొత్త జంట చంకలో పొడుగు రొట్టెలు పెట్టుకుని పరిగెత్తింది. అందరికంటే క్లారీ గొంతే పెద్దది. "లగెత్తవోయ్! మా ముసలి ఆవు నీకంటే నయం! ఆ రొట్టెలు పారెయ్, పెళ్లాన్ని ఎత్తుకో!" నిచ్చెన తీసేస్తుండగా వాళ్లు ఎక్కేశారు. క్లారీ ఎంతో నిరాశపడ్డాడు.

తర్వాతి రేవు పోర్ట్ విలా. పొద్దున ఇద్దరూ దిగి మినీబస్సులో ఊరు తిరిగారు. మధ్యాహ్నానికి నోలీన్ కాళ్లు లాగాయి. క్లారీకేమో బస్సు డ్రైవరుతో స్నేహం కుదిరింది. కల్సావ్ అని పెద్ద ఓపికమంతుడు. వాళ్ల మామగారి కావా కొట్టు చూపిస్తానన్నాడు. కావా అంటే ఒక వేరు నలిపి తీసిన బురదరంగు రసం, తాగితే మూతి మొద్దుబారుతుంది. క్లారీ మూతి మొద్దుబారే పానీయం లోకంలో ఉందా? నోలీన్‌కి ఆశ పుట్టింది.

"వెళ్లిరా. నాలుగింటికల్లా ఓడలో ఉండాలి" అంది.

"నాలుగింటికి ఉంటా" అన్నాడు క్లారీ, వాచీ మీద తడుతూ.

ఆ వాచీ చూసి కల్సావ్ అన్నాడు, "పెద్దాయనా, మీ గడియారం వెనకబడింది."

"అది వెనకబడలేదు బాబూ. మీరందరూ తొందరపడ్డారు."

నోలీన్ నోరు తెరిచింది. చెబుదామనుకుంది. ఎన్నిసార్లు చెప్పింది? రొయ్యల దగ్గర చెప్పింది, మంచం మీద చెప్పింది, మామిడిపండు దగ్గర చెప్పింది. నోరు మూసుకుని ఓడెక్కేసింది.

నాలుగు కావస్తుంటే తలుపు చప్పుడైంది. తెల్ల యూనిఫారంలో ఓడ ఆఫీసరమ్మ.

"మిసెస్ ట్రెలోర్, మీవారు ఇంకా ఎక్కలేదు. ఎక్కడున్నారో తెలుసా?"

"మూడింటిలో ఉన్నాడు" అంది నోలీన్.

"ఏమిటండీ?"

"ఏం లేదు. వస్తాడు. ఇంకా గంట ఉందనుకుంటున్నాడు."

"ఓడ గంట ఆగదండీ. ఆయన పాస్‌పోర్టు రేవులో మా ఏజెంటుకి అప్పజెబుతాం. సాయంత్రం చిన్న విమానం ఉంది, ఎక్కిస్తారు. రేపు పొద్దున శాంటో దీవిలో మనల్ని కలుస్తారు. ఇలాంటప్పుడు మామూలుగా..." ఆమె గొంతు కాస్త తగ్గించింది. "మామూలుగా భార్యలు కూడా దిగిపోయి ఆయనతో ఉంటారు. దిగుతారా? తొందరగా చెప్పాలి."

నోలీన్ చెప్పులు వేసుకుంది. అలవాటు. సంచీ కూడా అందుకుంది. క్లారీ పాస్‌పోర్టు, ఆయన బీపీ మాత్రలు, చదివే కళ్లజోడు, కట్టుడు పళ్ల డబ్బా అన్నీ అందులో పడ్డాయి. జిప్పు లాగింది. రేపు పొద్దున శాంటో. రేపు పొద్దున ఒక దీవి ఎదురొస్తుంది.

ఆమె సంచీ ఆఫీసరమ్మ చేతికిచ్చింది. ఒక్కతే దిగకుండా నిలబడి ఉండటం ఇంత బరువని ఆమెకి తెలియదు.

"లేదమ్మా. నేను ముందుకి వెళ్తాను."

బాల్కనీలోకి వచ్చేసరికి తాళ్లు వదిలేశారు. రేవుకీ ఓడకీ మధ్య నీళ్లు పచ్చగా కనిపిస్తున్నాయి. అప్పుడు వచ్చింది మినీబస్సు. అందులోంచి క్లారీ దిగాడు.

చేతిలో కోన్ ఐస్‌క్రీము. పరిగెత్తడం లేదు. పరిగెత్తడానికి ఆయనకేం కర్మ? గంట ముందొచ్చిన మనిషి! కొలువుకొచ్చిన జమీందారులా నింపాదిగా నడుస్తున్నాడు. వెనక కల్సావ్ తల పట్టుకుని నిలబడ్డాడు.

మర్రే గంట అందుకున్నాడు. బాల్కనీలన్నీ లేచాయి. "లగెత్తవోయ్! లగెత్తు!"

క్లారీ ఆ కోలాహలం విన్నాడు. తనకే స్వాగతం అనుకున్నాడు. టోపీ తీసి వంగి దణ్ణం పెట్టాడు. ఐస్‌క్రీము పైకెత్తి చూపించాడు.

"నోలీన్! అది మీ ఆయన కాదూ?" అన్నాడు మర్రే.

"ఆయనే."

"పరిగెత్తడేం మరి?"

"క్వీన్స్‌లాండ్ మనిషి. టైము కాకుండా పరిగెత్తడు."

అప్పటికి క్లారీ నీళ్లు చూశాడు. ఓడని చూశాడు. వాచీ చూశాడు. విదిలించి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అది నడుస్తూనే ఉంది. బండబర్గ్‌లో కొన్నది, చెడిపోతుందా?

"ఇంకా గంట ఉందిరా దొంగల్లారా!" నీళ్ల మీదుగా వచ్చింది కేక.

ఏజెంటు ఆయన చేతికి సంచీ అందించాడు. క్లారీ సంచీ చూశాడు, తలెత్తి బాల్కనీల్లో వెతికాడు. నోలీన్ చెయ్యి ఊపింది. ఆయన కూడా, ఏంచెయ్యాలో తెలియక, ఐస్‌క్రీము ఉన్న చెయ్యే ఊపాడు. అలా ఊపుతూ ఊపుతూ చిన్నవాడైపోయాడు. వేలంత, గింజంత, చుక్కంత. నురుగు బాట ఆయన దగ్గరికి తిన్నగా వెళ్లింది. ఆవేళ కెప్టెన్ వంకర దున్నలేదు.

తోక బాల్కనీలోంచి చూడదగ్గ దృశ్యం ఉంటుందని క్లారీ చెబుతూనే ఉన్నాడు. అబద్ధం కాదు. నోలీన్ అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చింది. తర్వాత భోజనాల హాలుకి వెళ్లి రొయ్యలు వేడివేడిగా తింది.

తెల్లారుతుండగా ఆమె ఆ పొడుగు నడవాలో నడవడం మొదలుపెట్టింది. తలుపులు, కార్పెట్, తలుపులు. అన్నం హాలు దాటింది. ఇంకా ముందుకి. ఒక బరువు తలుపు తోసేసరికి గాలి మొహాన కొట్టింది. ఓడ ముక్కు మీద ఎవరూ లేరు. రెయిలింగ్ పట్టుకుని నిలబడింది.

మొదట ఏమీ లేదు. తర్వాత నీళ్ల మీద ఒక మరక. మరక నీలం కొండయింది. కొండకి మడతలొచ్చాయి, మడతల్లో పచ్చన, పచ్చన కింద కొబ్బరిచెట్లు, చెట్ల పొగమంచులోంచి ఒక కోడి కూత. అవన్నీ ఆమె మీదికే వస్తున్నాయి. ఎవరూ వేలు పెట్టి చూపించలేదు. రెయిలింగ్ వదలకుండా నోలీన్ పెద్దగా, ఒక్కతే నవ్వింది.

రేవు కనిపించింది. రేవు చివర ఒక చుక్క. చుక్క పెద్దదయింది. చుక్కకి టోపీ మొలిచింది. సంచీ మొలిచింది.

క్లారీ!

పెళ్లయినప్పటినుంచీ ఆయన వీపే ఆమెకి తెలుసు. ట్రాక్టర్ మీది వీపు, స్టీరింగ్ వెనక వీపు, మాంసం కాలుస్తున్న వీపు. మనిషి ముందువైపునుంచి దగ్గరవుతుంటే చూడటం అదే మొదలు. ముఖం ఫరవాలేదు అనుకుంది. రంగు వేసే ఉంది.

ఓడ రేవుకి ఆనుకుంటుంటే క్లారీ వాచీ ఉన్న చెయ్యి ఎత్తి, ఇంకో చేత్తో దాని మీద టకటకా కొడుతూ అరిచాడు:

"గంట ముందే వచ్చేశారేం? అంత తొందరేం మీకు?"

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, తోక బాల్కనీ గొప్పదని ఇంతకంటే రుజువేం కావాలి? మసి మంచిది, వణుకు మంచిది, వంకర చాలు పట్టుకోవడం దేశానికే మంచిది. తోక గది మహాభాగ్యం. ఆ పటం మీద వేలు పెట్టినవాడికి. పెట్టిన వేలు తీయించుకున్న మనిషికి ఏ గదైనా తోక గదే.

ఈ మధ్య ట్రెలోర్ దంపతులు మళ్లీ ఓడెక్కారు. ఈసారి పటం మీద రెండు వేళ్లు పడ్డాయి, రెండూ నిలిచాయి. ఆయన తోకలో, ఆమె ముక్కులో. మధ్యలో ఓడంత నడవా. భోజనానికి మధ్యలో కలుసుకుంటారు. ఆమె ఓడ టైముకి వస్తుంది, ఆయన బండబర్గ్ టైముకి వస్తాడు. నోలీన్ ఇప్పుడు రొయ్యలకు కాపలా కాయదు. తింటుంది. తిని, కిటికీ దగ్గర కూర్చుని, ఎదురొచ్చేదేమిటా అని చూస్తుంది.

గడియారం ముందుకు తిప్పితే ఒక గంట ఆదా అవుతుందంటే, ఆ గంట ఎవరి జేబులోకి పోతుందో చెప్పండని క్లారీ ఆనాడు బండబర్గ్ వీధిలో గొంతు చించుకుని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేకపోయారు.

ఆ గంట నోలీన్‌ది.